గుప్పెడు బియ్యం ఎంత దూరం వెళ్ళాలి?

మా వంటింట్లో బియ్యం డబ్బా పక్కనే ఇంకో చిన్న స్టీలు డబ్బా ఉంటుంది. పూటకి సరిపడా బియ్యం కొలిచి గిన్నెలో పోసుకున్నాక, కడగబోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి ఈ చిన్న డబ్బాలో వేస్తాం. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు. నెలాఖరు ఆదివారం ఆ డబ్బా మందిరానికి వెళ్తుంది. స్త్రీల సమాజం వాళ్ళం అందరి బియ్యం ఒక గోనెసంచిలో పోసి, తూకం వేసి, అమ్మి, ఆ డబ్బు పుస్తకంలో రాసుకుంటాం. నేను పెళ్ళై చింతూరు వచ్చిన వారానికే అత్తయ్యగారు నాకు అప్పగించిన మొదటి బాధ్యత ఇది. "కూర మాడినా ఫర్వాలేదమ్మాయ్, గుప్పెడు మర్చిపోకు" అన్నారు.

ఈ గుప్పెడు బియ్యం మీదే మొన్న మా ఇంట్లో చర్చ జరిగింది. చర్చ అని మర్యాదకి అంటున్నాను. మా వారూ నేనూ రెండు రోజులు ముభావంగా తిరిగాం. మూడో రోజు కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చి కూర్చుంటే తప్ప మాటలు కలవలేదు.

సంగతి ఏమిటంటే, మా సంఘంలో పుట్టి పెరిగిన అబ్బాయి ఒకడు ఆఫ్రికాలో ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్తున్నాడు. మన తెలుగు లెక్చరర్లు ఆఫ్రికా దేశాలకి వెళ్ళి పనిచేయడం కొత్తేమీ కాదు కదా. అక్కడ నర్సింగ్ చదివే అమ్మాయిలు ఫీజు కట్టలేక మధ్యలో మానేస్తున్నారని, మన సంఘం ఒక్క అమ్మాయి చదువు భరిస్తే బాగుంటుందని పాస్టరు గారికి ఉత్తరం రాశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఆ ఉత్తరం చదివారు. సంఘ పెద్దలు బయట వేపచెట్టు కింద నిలబడి పావుగంటలో తేల్చేశారు. కుటుంబానికి నెలకు 100 రూపాయలు. 45 కుటుంబాలకి నెలకు 4,500, ఏడాదికి 54,000. తగ్గితే స్త్రీల సమాజం బియ్యం డబ్బులోంచి కలుపుతారు.

ఆ చెట్టు కింద నిలబడ్డ వాళ్ళలో మా వారు కూడా ఒకరు. బియ్యం డబ్బు ఇస్తామని మాటిచ్చిన వాళ్ళలో బియ్యం కడిగేవాళ్ళు ఒక్కరూ లేరు.

నాకు కోపం ముందు అందుకే వచ్చింది. ఆ తర్వాత మిగతా కారణాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కోపంలో ఉన్నప్పుడు కారణాలకి కొరత ఉండదు.

మొదటిది, మా పిల్లలు. మా మందిరానికి లోపలి ఊరి నుంచి నడిచి వచ్చే కోయ కుటుంబం ఒకటుంది. వాళ్ళమ్మాయి ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటర్ బైపీసీ పాసై, ఇంట్లో కూర్చుంది. నర్సింగ్ చదవాలని దాని ఆశ. ప్రభుత్వం ఫీజు ఇచ్చినా పట్నం వెళ్ళి ఉండాలంటే బట్టలు, పుస్తకాలు, బస్సు ఛార్జీలు, మొదటి నెల చేతి ఖర్చు కావాలి. వాళ్ళ నాన్న తునికాకు కోసిన డబ్బు, చింతపండు అమ్మిన డబ్బు ఇంటికే చాలదు. ఇంట్లో ఉన్న పిల్లకి బస్సు ఛార్జీ ఇవ్వలేని మనం సముద్రాలు దాటి ఫీజు కడతామా అన్నాను.

రెండోది, మా నేల. పోలవరం ముంపు మండలాల్లో మాదీ ఒకటి. 2014లో మమ్మల్ని ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిందే ఆ ప్రాజెక్టు కోసం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు శబరి ముందుకు పోలేక వెనక్కి తన్నింది. ఆ రోజులు చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పుడు మా బియ్యం డబ్బాలన్నీ ఒక్కచోట కుమ్మరించి గంజి కాశాం. ఇంకో వరద రాదని ఎవరు చెప్పగలరు? అప్పటికి పుస్తకంలో ఏమీ మిగలకపోతే?

మూడోది, మొహమాటం లేకుండా చెప్పాలంటే, వంద రూపాయలు. ఉద్యోగస్తుల ఇంట్లో వంద లెక్కలోకి రాదు. కూలికి వెళ్ళే ఇంట్లో అది ఒక పూట కూర, పిల్లాడి పెన్ను, దీపం నూనె. అందరి ముందు పేరు చదివి "మీరు కూడా వందేనా?" అంటే కాదనలేక అప్పు చేసి ఇస్తారు. అలా ఇచ్చింది కానుకో పన్నో మీరే చెప్పండి.

ఇవన్నీ మా వారి ముందు పెట్టాను. ఆయన ఒక్క మాటే అన్నారు. "మనకి ఇచ్చినవాళ్ళు కూడా ఇలాగే లెక్కలు వేసుకుని ఉంటే?"

"మనకి ఇచ్చినవాళ్ళు దొరలు. వాళ్ళకేం?" అని నేను లేచి వచ్చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేనన్న ఆ మాట అబద్ధమని నాకే తెలుసు.

మా పుట్టిల్లు నరసాపురం వైపు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మకి గుండె జబ్బు వస్తే వేలూరు తీసుకెళ్ళారు. మన తెలుగు ఇళ్ళల్లో "వేలూరు వెళ్ళాం" అంటే ఏ ఊరు, ఏ ఆసుపత్రి అని ఎవరూ అడగరు. కాట్పాడి స్టేషన్లో దిగి, చాప, చెంబు, చిన్న స్టవ్వు పట్టుకుని లాడ్జీ గదిలో నెల రోజులు ఉన్నాం. అమ్మని చూసుకున్న నర్సమ్మది కేరళ. తెలుగు నాలుగు ముక్కలు నేర్చుకుని "నొప్పి ఉందా అమ్మా?" అని అడిగేది. అమ్మ ఆ తర్వాత 19 ఏళ్ళు బతికింది. నా పెళ్ళి చేసింది. నా కూతురికి నీళ్ళు పోసింది.

ఆ ఆసుపత్రి ఎవరి డబ్బుతో లేచిందో తర్వాతెప్పుడో చదివాను. అమెరికా నుంచి వచ్చిన డాక్టరమ్మ ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టారు. 1918లో ఆడపిల్లలకి వైద్య విద్య నేర్పే బడి తెరిచారు. 1946లో మన దేశంలోనే మొదటిసారి నర్సింగ్‌లో డిగ్రీ చదువు అక్కడ మొదలైంది. అబ్బాయిలకి వైద్యంలో సీటు ఇచ్చింది 1947లో గానీ కాదు. అంతకుముందు దాదాపు 30 ఏళ్ళు అది ఆడపిల్లల చదువు కోసం, ఆడవాళ్ళు కూడబెట్టిన డబ్బుతో నడిచిన చోటు.

ఆడవాళ్ళ డబ్బు అని ఊరికే అనడం లేదు. 1920ల మొదట్లో అమెరికా సంఘాల్లోని స్త్రీలు ఆసియాలోని ఏడు మహిళా కళాశాలల కోసం చందాలు వసూలు చేశారు. ఆ ఏడింటిలో వేలూరు వైద్య పాఠశాల ఒకటి, మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ ఒకటి. మిగతావి చైనా, జపాన్, లక్నోలలో ఉన్నాయి. స్త్రీలు 20 లక్షల డాలర్లు పోగుచేస్తే రాక్‌ఫెల్లర్ నిధి 10 లక్షలు ఇస్తామంది. వాళ్ళు పోగుచేశారు. ఒక్కొక్క డాలరు ఇచ్చిన మామూలు ఇల్లాళ్ళు కూడా అందులో ఉన్నారు.

ఆ పనికి ముందు నిలబడిన ఆవిడ పేరు లూసీ పీబాడీ. ఆవిడ వయసులో ఉండగా మొదటి భర్తతో కలిసి మద్రాసు వచ్చి, అక్కడి తెలుగువాళ్ళ మధ్య పనిచేశారు. 1886లో భర్త చనిపోతే చిన్నపిల్లల్ని తీసుకుని ఓడెక్కి వెళ్ళిపోయారు. ఇక్కడ తన భర్తని మట్టిలో పెట్టి వెళ్ళిన మనిషి, ముప్పై ఏళ్ళు దాటాక ఈ దేశపు ఆడపిల్లల చదువు కోసం గడపగడపా అడిగారు. ఆ డాలరు ఇచ్చినవాళ్ళలో ఎవరికీ మా అమ్మ పేరు తెలిసే అవకాశం లేదు. మా అమ్మ అప్పటికి పుట్టనే లేదు.

వాళ్ళందరూ దొరసానులా? వాళ్ళ ఇళ్ళల్లో కూడా చిరిగిన బూట్లు, కట్టాల్సిన అద్దె, జ్వరంతో పడుకున్న పిల్లలు ఉండే ఉంటారు. అంతకు వందేళ్ళ పైచిలుకు వెనక్కి వెళ్తే ఇంకో లెక్క కనిపిస్తుంది. 1792 అక్టోబరు 2న ఇంగ్లండులోని కెట్టరింగ్ అనే ఊళ్ళో, ఒక వితంతువు ఇంట్లో, కొద్దిమంది బాప్టిస్టు బోధకులు కూర్చుని విదేశ సువార్త పనికి చందా రాసుకున్నారు. మొత్తం 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. వాళ్ళలో ఉన్న విలియం కేరీ ఒకప్పుడు చెప్పులు కుట్టిన మనిషి. ఆ సొమ్ముతో మొదలైన పనే బెంగాల్లో శ్రీరాంపూర్ చేరింది. 1814లో కేరీ రాసిన తెలుగు వ్యాకరణం అక్కడే అచ్చయింది. 1818లో కాలేజీ పెట్టారు. 1827లో డెన్మార్కు రాజు పట్టాలిచ్చే అధికారం ఇచ్చాడు. ఈ రోజుకీ మన పాస్టర్లలో ఎంతోమంది గోడ మీద వేలాడే బి.డి. పట్టా మీద శ్రీరాంపూర్ పేరే ఉంటుంది. ఆ ఇంట్లో కూర్చున్న వాళ్ళకి అదొక "పరదేశంలో ఉన్న క్రైస్తవ విశ్వవిద్యాలయం" అవుతుందని తెలీదు.

ఇదంతా పొద్దున్నే అత్తయ్యగారికి చెప్తుంటే ఆవిడ చింతపండు గింజలు తీస్తూ, "మనం పుచ్చుకోవడమేనా, ఎప్పుడూ ఇవ్వలేదా?" అని అడిగారు.

మంచి ప్రశ్న. ఇచ్చాం. చాలామందికి ఈ సంగతి తెలీదు. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ సొంత డబ్బుతో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి పంపాయి. అక్కడి తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్ళిన మన తెలుగువాళ్ళు ఉన్నారు. చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో గొడ్డుచాకిరీ చేసి, చదువూ చెట్టుబండా లేక, తెలుగులో నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్ళు లేక ఉన్నారు. వాళ్ళ కోసం ఇక్కడి సంఘాలు డబ్బు కూడబెట్టి మనిషిని పంపాయి. ఇంకా నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు కరువుల్లోంచి తేరుకుంటున్న కాలం అది. ఆ సంఘాల్లో ఎక్కువమంది భూమి లేని కూలీలు.

అదే 1903లో తిరునెల్వేలి తమిళ సంఘాలు కూడా ఒక సొసైటీ పెట్టుకున్నాయి. వాళ్ళు చందాలు వేసుకుని మనుషుల్ని పంపింది ఎక్కడికో తెలుసా? మన తెలుగు నేలకి, అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి. భాష వేరు, రాజ్యం వేరు. ఆ సొసైటీ మొదటి కార్యదర్శి అజరయ్య గారు తర్వాత డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. డోర్నకల్ సంఘాల్లో ఆడవాళ్ళు వంట బియ్యంలోంచి గుప్పెడు తీసిపెట్టడం పెద్ద ఎత్తున అలవాటైంది. మా అత్తయ్యగారి డబ్బా ఆ వంశంలోదే.

అంటే తన దగ్గర అన్నీ సమకూరాక ఇద్దామని ఎవరూ ఆగలేదు. ఆగి ఉంటే మా అమ్మకి ఆ 19 ఏళ్ళు ఉండేవి కావు.

ఇక్కడిదాకా చదివి "అయితే మీవారు గెలిచారన్నమాట" అనుకోకండి. నేను సగమే ఒప్పుకున్నాను. రెండో సగం కూడా చెప్పాలి.

పరాయి డబ్బు మన సంఘాలకి మేలు చేసింది. అలవాట్లు కూడా చెడగొట్టింది. బడి కప్పు కారితే "మిషన్ వాళ్ళు చూసుకుంటారు" అని కూర్చోవడం నేర్చుకున్నాం. కొన్నిచోట్ల దొరలు వదిలి వెళ్ళిన స్థలాల మీద, భవనాల మీద కోర్టు తగాదాలు ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. డబ్బు ఇచ్చినవాళ్ళు ఫోటోలు అడిగారు. చిరిగిన బట్టల్లో ఉన్న పిల్లల ఫోటోలే ఎక్కువ అడిగారు. ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునేవాడి చెయ్యి కింద ఉంటుంది అన్న సంగతి మన కొండల్లో పిల్లలకి కూడా తెలుసు. ఇప్పుడు మన చెయ్యి పైకి వెళ్తోంది కాబట్టి, ఆ రోజు మనకి ఏం నొచ్చిందో మనమే గుర్తుపెట్టుకోవాలి. ఆ దేశపు పిల్ల మనకి ప్రతి మూడు నెలలకీ కృతజ్ఞతా ఉత్తరం రాయాలని, ఫోటో పంపాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మార్కుల జాబితా కాలేజీ వాళ్ళు పంపితే చాలు.

ఈ విషయంలో బైబిల్లోనే మంచి దారి ఉంది. కొరింథీయులకి రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. అది పూర్తిగా ఒక చందా గురించే. మాసిదోనియ సంఘాలు తాము కటిక పేదరికంలో ఉండి కూడా యెరూషలేములో ఎన్నడూ చూడని పేదల కోసం ఇచ్చాయని పౌలు చెప్తాడు. ఈ ముక్క మన పెద్దలు తరచూ చదువుతారు. కానీ అదే అధ్యాయంలో ఇంకో మూడు ముక్కలున్నాయి. ఇతరులకి సుఖం కలిగించి మీరు కష్టపడాలని నా ఉద్దేశం కాదు, సమానత్వం ఉండాలి అంటాడు. లేనిదాన్ని బట్టి కాకుండా ఉన్నదాన్ని బట్టి ఇమ్మంటాడు. ఆ పైన, ఇంత సొమ్ము విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని తీతుతో పాటు ఇంకో ఇద్దరిని తోడు పంపుతాడు. అంతటి పౌలు కూడా డబ్బు సంచి ఒక్కడి చేతిలో పెట్టలేదు.

వేపచెట్టు కింద పావుగంటలో తేల్చేసిన మన పెద్దలకి ఈ మూడూ ఎందుకు గుర్తు రాలేదో!

అందుకని మా వారితో కూర్చుని ఒక కాగితం మీద నా షరతులు రాశాను. నెల జీతం రాగానే పాలవాడికి, కిరాణాకి, చీటీకి వేరువేరుగా పెట్టే అలవాటున్న దాన్ని కాబట్టి సంఘం డబ్బు కూడా అలాగే ఆలోచించాను.

ఒకటి, వంద రూపాయల నిబంధన తీసేయాలి. ఎవరికి తోచింది వాళ్ళు మూసిన కవరులో వేస్తారు. పేర్లు చదవకూడదు. గుప్పెడు బియ్యం గొప్పతనం అదే. డబ్బాలో పడ్డాక ఎవరి గింజ ఏదో తెలీదు.

రెండు, బియ్యం డబ్బు గురించి స్త్రీల సమాజమే తేల్చాలి. మేం ఇవ్వమనడం లేదు. మమ్మల్ని అడగండి అంటున్నాం. నలభై ఏళ్ళుగా కూడబెడుతున్న వాళ్ళు ఒక ఉత్తరానికి జవాబు చెప్పలేరా?

మూడు, అక్కడి అమ్మాయికి ఎంత ఇస్తే ఇక్కడి అమ్మాయికీ అంత ఇవ్వాలి. ఒకే పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో రాయాలి. మా కోయ పిల్ల ఇంట్లో కూర్చుని ఉండగా దూరదేశపు పిల్ల ఫీజు కడితే, ఆ పిల్ల మనల్ని చూసి ఏమనుకుంటుంది? దానికి కూడా అదే మందిరం, అదే దేవుడు. అలాగని ఇక్కడి పిల్లని సాకుగా చూపించి అక్కడి పిల్లకి తలుపు వేయడం కూడా తప్పే. సాకు చెప్పేవాళ్ళలో ఎంతమంది ఇప్పటిదాకా ఇక్కడి పిల్లకి ఒక్క రూపాయి ఇచ్చారో నన్ను నేనే అడుక్కున్నాను. నేను ఇవ్వలేదు.

నాలుగు, వరద నిధి వేరే ఉండాలి. దాన్ని దేనికీ కదపకూడదు.

ఐదు, పంపే పద్ధతి చట్టప్రకారం ఉండాలి. ఇక్కడ మా వారితో మళ్ళీ చిన్న వాదన జరిగింది. "ఇక్కడ మనం ఆ అబ్బాయి వాళ్ళమ్మకి ఇచ్చేస్తే, అక్కడ వాడు తన జీతంలోంచి కట్టేస్తాడు, సులువు కదా" అన్నారు. మాకు తెలిసిన బ్యాంకు ఆయన్ని అడిగితే, ఇక్కడ ఇచ్చి అక్కడ తీసుకునే ఆ పద్ధతినే హవాలా అంటారని నవ్వుతూనే హెచ్చరించారు. విదేశాల నుంచి మన సంస్థలకి డబ్బు రావడానికి ఎఫ్‌సీఆర్ఏ చట్టం ఉందని, 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖ ఖాతాలోకే ముందు రావాలని సంఘాల్లో అందరికీ తెలుసు. డబ్బు ఇక్కణ్ణించి బయటికి వెళ్ళడానికీ నియమాలున్నాయని మాత్రం ఎవరం ఆలోచించలేదు. మనిషి తన సొంత డబ్బు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బ్యాంకు ద్వారా, పాన్ కార్డు ఇచ్చి, ఎందుకు పంపుతున్నాడో రాసిచ్చి పంపుకోవచ్చు. మన 54,000 అందులో ఒక మూలకి కూడా రాదు. కానీ సంఘం పేరు మీద ఉన్న డబ్బు సంగతి వేరు. ధర్మసంస్థగా పన్ను మినహాయింపు ఉన్నచోట, ఆ సొమ్ము దేశం బయట ఖర్చు పెడితే మామూలుగా మినహాయింపు వర్తించదు. కాబట్టి ఆడిటరు గారిని అడక్కుండా ఒక్క రూపాయి కూడా కదలకూడదు. పంపితే నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే వెళ్ళాలి, రసీదు రావాలి. ఆ అబ్బాయి మంచివాడే, మా కళ్ళ ముందు పెరిగినవాడే. మంచివాడు కాబట్టే వాడి మీద రేపు మాట పడకుండా చూడాలి.

ఆరు, ఒక్క ఏడాదికే మాట ఇద్దాం. ఏడాది నడిపి చూసి, నడపగలిగితే మళ్ళీ ఇద్దాం. మూడేళ్ళ చదువుకి మాటిచ్చి రెండో ఏట చేతులెత్తేస్తే ఆ పిల్లని మధ్యలో ముంచినట్టే. ఇది ముందే వాళ్ళకి స్పష్టంగా రాయాలి.

మా వారు కాగితం చదివి, "ఇన్ని షరతులు పెడితే పెద్దలు నొచ్చుకుంటారేమో" అన్నారు. "నొచ్చుకుంటే కాఫీ ఇస్తాను రమ్మనండి" అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆదివారం పాస్టరు గారికి ఇచ్చారు. పాస్టరు గారు నొచ్చుకోలేదు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆడవాళ్ళతో సహా అందరినీ కూర్చోబెట్టి మాట్లాడదామన్నారు. ఆడిటరు గారి దగ్గరికి ఈలోపు ఒక పెద్ద వెళ్ళి వస్తారు. ఏమవుతుందో చూడాలి. నేను మాత్రం ఇవ్వాలనే చెయ్యి ఎత్తుతాను, నా ఆరు షరతులతో.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. అది కూడా నర్సింగే అంటోంది. ఈ గొడవంతా విని, "అమ్మా, రేపు నా ఫీజుకి తక్కువైతే ఏం చేస్తావు?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తల్లిని కదా, ముందు నా పిల్లే కనిపిస్తుంది. తర్వాత దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అమ్మమ్మ వేలూరు కథ మొత్తం చెప్పాను. కాట్పాడి స్టేషను, చాప, స్టవ్వు, నొప్పి ఉందా అమ్మా అని అడిగిన నర్సమ్మ, అన్నీ చెప్పాను. అది విని ఏమీ అనలేదు. సాయంత్రం నేను బట్టలు మడతపెట్టి వంటింట్లోకి వచ్చేసరికి బియ్యం కడిగి పెట్టేసింది.

"గుప్పెడు తీశావా?" అన్నాను.

"రెండు తీశాను. ఒకటి ఇక్కడికి, ఒకటి అక్కడికి" అంది.

దాని గుప్పెడు ఇంకా చిన్నదే. ఇంతకీ మీ సంఘాల్లో, మీ ఇళ్ళల్లో ఇలాంటి మాట వస్తే మీరేం తేల్చారు? ముఖ్యంగా ఆడవాళ్ళని అడిగారా లేదా? నాకు రాయండి.